మే నెల గాలివానలు: బెంగళూరులో వచ్చే వారానికి జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మన ఊళ్లకు సరిపోతుంది, బెంగళూరుకు కాదు. అక్కడ కర్నూలు, గుంటూరు వడగాడ్పులకు అల్లాడుతుంటే, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఈ ఊళ్లో మే నెల అంటే సాయంత్రపు గాలివాన. నెల మొత్తానికి సగటున 128 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 2023 మేలో 305, 2025 మేలో 307 దాటింది. కొత్తగా వచ్చి మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీలో దిగినవాళ్లు పొద్దున ఎండ చూసి గొడుగు గదిలోనే వదిలేసి వెళ్తారు. మేలో పొద్దుటి ఆకాశాన్ని నమ్మకండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, ఆఫీసు నుంచి బయల్దేరే ముందు ఇంకోసారి వాన సూచన చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఈ రోజుల్లో విదర్భ, మరాఠ్వాడాల వైపు నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు దాకా తరచూ ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పట్టీ, ఏర్పడుతుంది. బంగాళాఖాతం నుంచీ అరేబియా సముద్రం నుంచీ తేమ దాని వైపు లాగబడుతుంది. పగలు 33, 34 డిగ్రీల ఎండకు నేల కాగుతుంది. ఆ తేమగాలి పైకి లేచి, మూడు దాటాక క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలుగా పేరుకుంటుంది. ఒక్కో మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. అందుకే యలహంకలో కుండపోతగా కురుస్తుంటే జయనగర్‌లో చినుకు కూడా ఉండదు. ‘అక్కడక్కడా ఉరుములతో కూడిన వర్షం’ అని సూచన రాగానే చాలామంది విసుక్కుంటారు. కానీ ఏ పేటలో పడుతుందన్నది రెండు మూడు గంటల ముందు తప్ప ఎవరూ చెప్పలేరు. వారం సూచన చూసి ఏ రోజుల్లో పని పెట్టుకోకూడదో తేల్చుకోండి. ఏ గంటకు కదలాలన్నది వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే మూడు గంటల సూచన, చూసి తేల్చుకోండి. అది మౌసమ్ యాప్‌లో దొరుకుతుంది. పిడుగులు ఎంత దగ్గరలో పడుతున్నాయో దామిని యాప్ చూపిస్తుంది. నగరంలో ఎక్కడ ఎంత వాన పడిందో బెంగళూరు మేఘ సందేశ యాప్‌లో కనిపిస్తుంది.

వాతావరణ హెచ్చరికల రంగుల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని. వాతావరణ శాఖ లెక్కలో ‘భారీ వర్షం’ అనాలంటే 24 గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు పడాలి. మే వాన అలా రోజంతా పడదు. గంటలో 40, 50 మిల్లీమీటర్లు కుమ్మరించి ఆగిపోతుంది. రోజు లెక్కకు అది ‘మోస్తరు వర్షం’, కానీ అండర్‌పాస్ నిండడానికి ఆ గంట చాలు. పసుపు రంగే కదా అని ఈ నెలలో తేలిగ్గా తీసుకోవద్దు.

వానకన్నా ముందు వచ్చే గాలి

మేఘంలోంచి చల్లటి గాలి బరువుగా కిందికి దిగి, నేలను తాకి నాలుగు వైపులా చిమ్ముతుంది. వానకన్నా ఐదు పది నిమిషాలు ముందే అది మీ దగ్గరికి వచ్చేస్తుంది. అప్పటిదాకా ఉన్న ఉక్కపోత ఒక్కసారిగా తెగిపోతుంది. చేతుల మీద చల్లగాలి తగులుతుంది. దుమ్ము లేచి, ఎక్కడో తడిసిన మట్టివాసన వస్తుంది. హాయిగా అనిపించే ఆ పది నిమిషాల్లోనే చెట్లు కూలడం, రేకులు లేవడం, హోర్డింగులు ఊడడం ఎక్కువ. తడవకూడదని జనం చెట్టు కిందికి చేరేది కూడా అప్పుడే. బండి మీద ఉంటే పెట్రోలు బంకులోకో, మెట్రో స్టేషన్‌లోకో, ఏదైనా దుకాణంలోకో వెళ్లండి. ఫ్లైఓవర్ కింద రోడ్డు మీదే బండ్లు ఆపడం ఇక్కడ పరిపాటి అయిపోయింది. వెనక నుంచి వచ్చే బస్సుకు ఆ వానలో మీరు కనిపించరు.

మేలో ఎర్రగా విరగబూసే గుల్‌మొహర్, మన తురాయి, ఈ నగరానికి అందం. కానీ దాని చెక్క పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి. పెద్ద గొడుగులా విస్తరించే రెయిన్ ట్రీకి కొమ్మల బరువు ఎక్కువ. దీనికి తోడు డ్రైనేజీకో, కేబుల్‌కో, కాలిబాటకో తవ్వినప్పుడు ఒకవైపు వేళ్లు నరికేసి ఉంటారు. కరెంటు తీగల కోసం రెండో వైపు కొమ్మలు కొట్టేస్తారు. అలాంటి చెట్టు గాలికి ఏ వైపు పడుతుందో మొదలు దగ్గర నిలబడి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మొదలు చుట్టూ నేల పగిలినా, ఒకవైపు ఉబ్బినా, మాను మీద పుట్టగొడుగులు మొలిచినా, ఈమధ్యే కొత్తగా ఒరిగినట్టు కనిపించినా ఫోటో తీసి నగరపాలక సంస్థ హెల్ప్‌లైన్ 1533కి చెప్పండి. ఈ వారం కారు ఆ చెట్టు ఎత్తంత దూరంలో పెట్టండి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే చెట్టు పడి కారు నలిగినా పైసా రాదు. కాంప్రెహెన్సివ్ పాలసీ అయితే వస్తుంది.

అండర్‌పాస్, రాజకాలువ

2023 మే 21, ఆదివారం మధ్యాహ్నం. కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిండిన నీళ్లలోకి కారు వెళ్లి ఆగిపోయింది. అందులో ఉన్న ఆంధ్ర యువతి, 22 ఏళ్ల ఉద్యోగిని, ప్రాణాలు కోల్పోయింది. ఆ అండర్‌పాస్ ఉన్నది కర్ణాటక శాసనసభ నడిచే విధానసౌధకు కూతవేటు దూరంలో. పెద్ద రోడ్డు కదా, బారికేడ్ లేదు కదా అని దిగకండి. బారికేడ్ గాలికి పడిపోయి కూడా ఉండొచ్చు. లోపలి లోతు పై నుంచి తెలియదు. పక్క గోడ దగ్గర రోడ్డు అంచు గట్టు (కర్బ్) మీది నలుపు తెలుపు చారలు కనిపించకపోతే వెనక్కి తిరగడమే. క్యాబ్ డ్రైవర్ పర్లేదన్నా, మీరు గట్టిగా వద్దనండి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చగలవు, రెండు అడుగులైతే దాదాపు ఏ కారునైనా.

పొరపాటున ఇరుక్కుంటే మొదటి నిమిషమే మీ చేతిలో ఉంటుంది. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. దాంతో పెనుగులాడి సమయం పోగొట్టుకోవద్దు. సీటుబెల్టు తీసి, కరెంటు పనిచేస్తుండగానే పక్క అద్దం దించండి. పిల్లల్ని ముందు పంపి, తర్వాత మీరు బయటపడి కారు పైకప్పు ఎక్కండి. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల మీద కొట్టి పగలగొట్టాలి. ముందు అద్దం జోలికి పోవద్దు. దాని రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అంత తేలిగ్గా పగలదు. అందుకే అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి, డిక్కీలో కాదు.

నీళ్లలో ఆగిపోయిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లోకి చేరిన నీళ్లు నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ ఖర్చు సాధారణంగా బీమాలో రాదు. ఉన్న చోటే ఫోటోలు తీసి, బీమా సంస్థకు చెప్పి, టో చేయించండి.

సిల్క్ బోర్డ్, పణత్తూరు రైల్వే అండర్‌పాస్, మాన్యత టెక్ పార్క్ చుట్టుపక్కల, హొరమావు సాయి లేఅవుట్ లాంటి చోట్ల నీళ్లు నిలవడం కొత్త కాదు. చెరువు నుంచి చెరువుకు నీళ్లు మోసే రాజకాలువలు ఇరుకైపోయాక, పల్లంలో ఉన్న వీధులే ఆ నీటిని మోస్తున్నాయి. రాజకాలువ పక్క రోడ్డు మీద నీళ్లు చేరితే రోడ్డెక్కడ ఆగిందో, కాలువ ఎక్కడ మొదలైందో తెలియదు. నడవక తప్పకపోతే మూసిన గొడుగుతో ముందు పొడిచి చూసి అడుగు వేయండి. నీళ్లు ఒకచోట సుడి తిరుగుతున్నా, బుడగలు వస్తున్నా కింద మ్యాన్‌హోల్ మూత లేనట్టే. నీళ్ల మధ్య ఒక చెట్టుకొమ్మ నిటారుగా నాటి కనిపిస్తే అది కొట్టుకొచ్చింది కాదు. అక్కడ గుంట ఉందని ఎవరో గుర్తు పెట్టారు.

తెగిన తీగ కనిపిస్తే కనీసం పది మీటర్లు దూరం జరగండి. అడుగులు ఎత్తి వేయకుండా, పాదాలు నేలను ఈడుస్తూ చిన్నచిన్నగా వెనక్కి జరిగి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టిన స్టే తీగనూ, కాలిబాట మీది ట్రాన్స్‌ఫార్మర్ కంచెనూ వానలో ముట్టుకోవద్దు.

పిడుగు

మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. ముప్పై లోపు ఉరిమితే లోపలికి రావాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాటితేనే బయటికి. ఇంటి మేడ మీద బట్టలు తీయడానికి ఆ మధ్యలో వెళ్లడమే ఎక్కువ జరుగుతుంది. బట్టలు తడిస్తే మళ్లీ ఆరేసుకోవచ్చు. టీవీ, ఫ్రిజ్, రౌటర్ ప్లగ్గులు గాలి మొదలవకముందే పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. అద్దాలు మూసిన కారులో ఉంటే అక్కడే ఉండండి, అది చెట్టు కిందకన్నా చాలా మేలు.

ఇల్లు, బేస్‌మెంట్, సంపు

ముప్పై నలభై సైటు అంటే 1,200 చదరపు అడుగులు. అంత మేడ మీద 50 మిల్లీమీటర్లు పడితే సుమారు 5,500 లీటర్ల నీళ్లు. డౌన్‌పైపు మూతిలో నాలుగు ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ సంచి ఇరుక్కుంటే ఆ బరువంతా మేడ మీదే నిలిచి గోడల్లోకి దిగుతుంది. ఈ శనివారమే మేడ ఊడ్చి, ప్రతి పైపులో బకెట్ నీళ్లు పోసి చూడండి. ఖాళీ నీళ్ల ట్యాంకును గాలి ఎగరేస్తుంది, సగమైనా నింపి ఉంచండి. బాల్కనీ గోడ మీది కుండీలు కిందికి దించండి. వాననీటి సేకరణ పైపు సంపులోకి కలిపి ఉంటే మొదటి వాన నీళ్లు బయటికి వదలండి. నెలల దుమ్ము, పక్షుల రెట్టలు అందులోనే కొట్టుకొస్తాయి.

బేస్‌మెంట్‌లో నీళ్లు చేరితే మాత్రం ఎవరూ మోటారు పట్టుకుని దిగకూడదు. 2025 మేలో బీటీఎం లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నీళ్లు తోడబోయినప్పుడు ఇద్దరు కరెంటు షాక్‌తో చనిపోయారు. వాళ్లలో ఒకరు పన్నెండేళ్ల పిల్లవాడు. ముందు భవనం మెయిన్ ఆపాలి. మెయిన్ బోర్డే బేస్‌మెంట్‌లో ఉంటే దాన్ని ఆపడానికి కూడా దిగవద్దు. 1912కి చెప్పి స్తంభం దగ్గరే సరఫరా తీయించండి. వాచ్‌మన్‌కూ, అతని ఇంట్లో పిల్లలకూ ఈ మాట ఈ రోజే, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పండి. లిఫ్టును రెండో అంతస్తులో ఆపి ఉంచండి. లిఫ్టు గుంటలో నీళ్లుంటే మెకానిక్ చూసేదాకా నడపవద్దు. పంపుకు 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఇప్పుడే చూపించుకోండి. ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. స్విచ్ వెంటనే పడిపోయి సరఫరా ఆగాలి.

సంపులోకి వీధి నీళ్లు దిగాయని అనుమానం వచ్చినా ఆ నీళ్లు ట్యాంకుకు ఎక్కించకండి. మొత్తం తోడేసి, గోడలు బ్రష్‌తో కడిగించి, కొత్త నీళ్లు నింపాక వెయ్యి లీటర్లకు ఐదు గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన వేయండి. పొడిని ముందు బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. గంట ఆగాక వాడుకోవచ్చు, తాగడానికైతే కాచుకోవాలి. సంపు కడగడానికి మనిషిని దించే ముందు మూత తీసి బాగా గాలాడనివ్వండి. పైన ఇంకొకరు నిలబడి ఉండాలి. లోపలి మనిషి పిలిస్తే పలకకపోతే పైవాళ్లు వెంటనే దూకకుండా 112కి ఫోన్ చేయాలి.