మాజీ సైనికుని కుటుంబమంతా తెలుసుకోవలసిన ఈసీహెచ్ఎస్ వైద్య సదుపాయం

త్రివిధ దళాల నుంచి పదవీ విరమణ చేసినవారికీ, వారి మీద ఆధారపడినవారికీ నగదు చెల్లించే పని లేకుండా వైద్యం అందించడానికి కేంద్ర రక్షణ శాఖ 2003 ఏప్రిల్ 1న ఒక ఆరోగ్య పథకాన్ని ప్రారంభించింది. ఎక్స్ సర్వీస్‌మెన్ కాంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమ్ అన్న దాని పూర్తి పేరు కాగితాల మీదే కనిపిస్తుంది, మాటల్లో అందరూ ఈసీహెచ్ఎస్ అనే అంటారు. సభ్యులుగా చేరడానికి వయసు అడ్డు కాదు, అప్పటికే ఉన్న జబ్బులూ అడ్డు కావు. ఇంత మంచి సదుపాయం ఉండి కూడా చాలా కుటుంబాలు అవసరమైన వేళ తడబడుతుంటాయి. కార్డు ఎక్కడుంది, ఏ పాలీక్లినిక్‌కు (ఈసీహెచ్ఎస్ సొంత వైద్య కేంద్రానికి) వెళ్ళాలి, ఎవరికి ఫోను చేయాలి అన్న సంగతులు ఆ ఇంట్లో మాజీ సైనికుడికి ఒక్కడికే తెలిసి ఉండడం, మంచం పట్టేది తరచుగా ఆయనే కావడం ఇందుకు ముఖ్యమైన కారణం. అందువల్ల ఇక్కడ రాసినదంతా ఆయనతో పాటు ఆయన భార్య, పిల్లలు కూడా చదవాలని కోరుతున్నాను.

సర్వీసు పెన్షన్, డిజెబిలిటీ పెన్షన్, ఫ్యామిలీ పెన్షన్‌లలో ఏదో ఒకటి అందుకుంటున్న మాజీ సైనికులు, వారి వితంతువులు ఈ పథకానికి అర్హులు. పథకం మొదలైన తరువాత రిటైరైనవారికి సభ్యత్వం తప్పనిసరి. పెన్షన్ లేకుండా కొన్నేళ్ళు మాత్రమే పనిచేసి వచ్చే షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులకు 2019లో ఈ అవకాశం కల్పించారు. కుటుంబంలో భార్య లేదా భర్త, పెళ్ళి గానీ సంపాదన గానీ లేని కుమార్తెలు, 25 ఏళ్ళు నిండే వరకు కుమారులు ఆధారితులుగా నమోదు కావచ్చు. కుమారుడికి అంతకు ముందే ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా అర్హత అక్కడితో ఆగిపోతుంది. శాశ్వత వైకల్యం ఉన్న పిల్లలకు వయోపరిమితి లేదు. తల్లిదండ్రుల విషయంలో వారిద్దరి ఆదాయం అన్నీ కలిపి నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం మించకూడదు. భర్త చనిపోయి గానీ విడాకులు పొంది గానీ పుట్టింటికి వచ్చి, తండ్రి మీదే ఆధారపడి ఉన్న కుమార్తెకు కూడా హక్కు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. అలాంటి ఆడబిడ్డ ఇంట్లో ఉంటే ఆమె పేరు తప్పక నమోదు చేయించండి.

చందా ఒక్కసారే కడతారు. 2017 డిసెంబరు 29 నుంచి అమలైన రేట్ల ప్రకారం హవల్దారు, ఆ కింది హోదాల వారికి 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు వరకు 67,000 రూపాయలు, అధికారులకు 1,20,000 రూపాయలు. ఆసుపత్రిలో జనరల్, సెమీ ప్రైవేట్, ప్రైవేట్ వార్డులలో ఏది ఇవ్వాలన్నది కూడా ఈ హోదాను బట్టే నిర్ణయిస్తారు. యుద్ధ వితంతువులకు, 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారికి చందా మినహాయింపు ఉంది. సభ్యులుగా చేరినవారికి పెన్షన్‌తో వచ్చే ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్స్ ఆగిపోతుంది.

కార్డు కోసం దరఖాస్తును ఈసీహెచ్ఎస్ అధికారిక వెబ్‌సైట్‌లో పెట్టాలి. పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జ్ బుక్, ఆధార్, పాన్, ఫోటోలు, బ్లడ్ గ్రూపు వివరాలు సిద్ధం చేసుకుంటే దరఖాస్తు నింపడం పెద్ద పని కాదు. అసలు చిక్కంతా పేర్ల దగ్గర వస్తుంది, మన తెలుగువారికి మరీ ఎక్కువగా వస్తుంది. సైనిక రికార్డులలో ఇంటిపేరును విడదీసి పూర్తిగా రాసి ఉంటారు, ఆధార్‌లో అది ఒక్క అక్షరంగా మిగిలి ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (కుటుంబ వివరాలను సర్వీసు రికార్డులో ఎక్కించే ఉత్తర్వు) వేయించినప్పుడు భార్య పేరు లక్ష్మి అని చెప్పి ఉంటారు, ఆధార్‌లో వెంకట లక్ష్మి అని ఉంటుంది. పుట్టిన తేదీలలో తేడాలు కూడా మామూలే. పీపీఓ, డిశ్చార్జ్ బుక్, ఆధార్ మూడింటినీ పక్కపక్కన పెట్టి, కుటుంబంలో ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. ఆధార్‌లో తప్పుంటే ఆధార్ కేంద్రంలో, సర్వీసు కాగితాలలో తప్పుంటే సంబంధిత రికార్డ్ ఆఫీసు ద్వారా, పెన్షన్ వివరాలలో తప్పుంటే రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైట్ అయిన స్పర్శ్ పోర్టల్ ద్వారా సరిదిద్దించుకోవాలి. ఈ పనికి నెలలు పట్టవచ్చు కనుక అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే మొదలుపెట్టడం మేలు. ఏ కాగితం ఎవరి దగ్గర దిద్దించాలో తెలియనివారు ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి.

అత్యవసరం కాని జబ్బు చేసినప్పుడు మొదట వెళ్ళవలసింది పాలీక్లినిక్‌కే. అక్కడి మెడికల్ ఆఫీసరు పరీక్షించి, అవసరమైతే ఎంప్యానెల్ అయిన (పథకంతో ఒప్పందం ఉన్న) ఆసుపత్రికి గానీ, సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్, విశాఖపట్నంలోని ఐఎన్ఎచ్ఎస్ కల్యాణి వంటి సైనిక ఆసుపత్రులకు గానీ రెఫరల్ (అక్కడ చూపించుకోమని పంపే చీటీ) రాసి ఇస్తారు. రెఫరల్ తీసుకున్న వెంటనే దాని మీద రాసిన విభాగం, గడువు చూసుకోండి. ఒక ఆసుపత్రి ఎంప్యానెల్ అయినంత మాత్రాన అక్కడి అన్ని విభాగాలూ పథకం కిందికి రావు. గుండె విభాగానికి ఒప్పందం ఉండి, ఎముకల విభాగానికి లేకపోవచ్చు. ఒప్పందాలు ముగిసిపోతూ, కొత్తవి వస్తూ ఉంటాయి కాబట్టి నిరుడు చూపించుకున్న ఆసుపత్రే అయినా బయలుదేరే ముందు మరోసారి కనుక్కోవాలి. నిర్ణీత వయసు దాటిన వృద్ధులు స్పెషలిస్టుకు చూపించుకోవడానికి రెఫరల్ లేకుండా నేరుగా వెళ్ళవచ్చు. రెఫరల్ మీద చేరినవారి నుంచి పథకం వర్తించే చికిత్సకు ఆసుపత్రి డబ్బు అడగకూడదు. బిల్లు ఆన్‌లైన్‌లో ఈసీహెచ్ఎస్‌కే వెళుతుంది. అడ్వాన్సు కట్టమంటే కట్టే ముందు పాలీక్లినిక్‌కు ఫోను చేయండి.

గుండెపోటు, పక్షవాతం, తీవ్రమైన శ్వాస ఇబ్బంది, ప్రాణాపాయమైన గాయాలు, పాముకాటు, విషప్రయోగం వంటివి అత్యవసర పరిస్థితుల కిందికి వస్తాయి. అప్పుడు రెఫరల్ కోసం ఆగకండి. ఎంప్యానెల్ అయిన ఆసుపత్రి దగ్గరలో ఉంటే అక్కడికి తీసుకెళ్ళి, కార్డు చూపించి, ఈసీహెచ్ఎస్ సభ్యులమని చేర్చేటప్పుడే చెప్పాలి. ఆ సమాచారాన్ని పైకి పంపడం ఆసుపత్రి బాధ్యత, పంపారో లేదో అడిగి తెలుసుకోవడం మాత్రం కుటుంబం చేయవలసిన పని. వేరే దారి లేక ఎంప్యానెల్ కాని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, చేరిన 48 గంటలలోపు దగ్గరలోని పాలీక్లినిక్‌కు ఆ సంగతి తెలియజేసి తీరాలి. రోగి మాట్లాడే స్థితిలో ఉండరు, భార్య ఐసీయూ బయట ఉంటారు, పిల్లలు వేరే ఊళ్ళలో ఉంటారు, ఆ కంగారులో రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి. కనుక పాలీక్లినిక్ నంబరు ఇంట్లో ప్రతి ఒక్కరి ఫోనులోనూ ఉండాలి, ఎవరు ఫోను చేయాలన్నది ముందే అనుకుని ఉండాలి. చెప్పినట్టు రుజువు కోసం మెసేజో మెయిలో కూడా పంపండి.

ఎంప్యానెల్ కాని ఆసుపత్రిలో బిల్లు మీరే కట్టి తరువాత క్లెయిము చేసుకోవాలి. తిరిగి వచ్చేది సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) ధరల మేరకే కాబట్టి మొత్తం రాకపోవచ్చు. రోగి కుదుటపడి, కదిలించవచ్చని డాక్టర్లు చెప్పగానే ఎంప్యానెల్ అయిన ఆసుపత్రికి మార్చే విషయం పాలీక్లినిక్‌తో మాట్లాడితే ఖర్చు పెరగకుండా ఉంటుంది. డిశ్చార్జ్ అయ్యే రోజున ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, రసీదులు, పరీక్షల రిపోర్టులు అడిగి తీసుకోండి. స్టెంటు గానీ మరేదైనా ఇంప్లాంటు గానీ వేస్తే దాని పెట్టె మీది స్టిక్కరు, ఇన్‌వాయిసు కూడా కావాలి. ఇవన్నీ తరువాత వెళ్ళి అడిగితే దొరకడం కష్టం. పాలీక్లినిక్‌కు ఇచ్చే ముందు ప్రతి కాగితానికీ జిరాక్సు తీసి ఉంచుకోండి.

మందులు పాలీక్లినిక్‌లోనే ఇస్తారు. రాసిన మందు అక్కడ లేకపోతే, లేదని వారి చేత రాయించుకున్నాకే బయట కొనాలి, లేకుంటే ఆ డబ్బు తిరిగి రాదు.

మాజీ సైనికుడు కాలం చేస్తే ఆయన భార్య సభ్యత్వం పోదు. ఫ్యామిలీ పెన్షన్ మంజూరైన తరువాత మరణ ధ్రువీకరణ పత్రంతో దరఖాస్తు చేసి, ఆధారితురాలిగా ఉన్న తన పేరును ప్రధాన సభ్యురాలిగా మార్పించుకోవాలి. అప్పటికే చందా చెల్లించి ఉంటే మళ్ళీ కట్టనక్కరలేదు. ఆ దుఃఖంలో ఆమె ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగవలసిన పరిస్థితి రాకూడదు. ఆయన తోటి ఉద్యోగులు, ఊళ్ళోని మాజీ సైనికుల సంఘం వారు పూనుకుని వెంట వెళ్ళాలి.

పెన్షన్ లేకుండా బయటికి వచ్చి, ఈసీహెచ్ఎస్ వర్తించని మాజీ సైనికులు వైద్య ఖర్చులకు మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి సహాయం కోరవచ్చు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వెళుతుంది.

నిద్ర పట్టకపోవడం, కారణం లేని కోపం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, తాగుడు పెరగడం ఇంట్లో గమనిస్తే అది ఆయన స్వభావమని వదిలేయకండి. పాలీక్లినిక్ డాక్టరు మానసిక వైద్యులకు కూడా రెఫరల్ ఇస్తారు. అంత దూరం రావడానికి ఆయన ఒప్పుకోకపోతే, మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. భార్య కూడా తన కోసం చేసుకోవచ్చు.

ఎక్కడైనా చికిత్స నిరాకరించినా, డబ్బు వసూలు చేసినా మొదట పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జికి తేదీ, ఆసుపత్రి, జరిగిన విషయం వివరంగా రాసి ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే స్థానిక సైనిక కార్యాలయమైన స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు, ఆ పైన ఈసీహెచ్ఎస్ రీజనల్ సెంటర్‌కు అదే నకలు జతచేసి పంపాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో కూడా నమోదు చేయవచ్చు.