అమెరికా సమాజం ఎందుకు చీలిందో తెలుసుకోవడం ఎలా: నల్లగొండ నుంచి చదివేవారికి ఒక పద్ధతి

నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. ఇప్పుడు ఆదివారం పూట మా ఇంటికి వచ్చేవారిలో ఆ విద్యార్థుల కంటే వారి తల్లిదండ్రులే ఎక్కువ. కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు కనుక, టీవీలో అమెరికా గొడవల వార్త వస్తే వారికి ఆ రాత్రి నిద్ర పట్టదు. "అంత చదువు, అంత సంపద ఉన్న దేశం ఇట్ల రెండు ముక్కలెందుకైంది సార్?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు దీనికి లేదు గానీ, జవాబు వెతుక్కునే పద్ధతి ఉంది. గ్రూప్-1 వ్యాసానికి సిద్ధమయ్యే పిల్లలకూ, దూరాన ఉన్న బిడ్డల కోసం బెంగపడే పెద్దలకూ పనికివస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట, లక్షణాన్నీ కారణాన్నీ విడదీయండి. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ సంగతి మనకు తెలిసిందే. వంగిన కాళ్లు కంటికి కనిపిస్తాయి. కారణం మాత్రం నేల అడుగున ఉన్న రాతిలో, ఏళ్ల తరబడి తాగిన నీళ్లలో ఉంటుంది. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు ఉండే క్యాపిటల్ భవనంపై జరిగిన దాడి అటువంటి లక్షణమే. ఒక్క అధ్యక్షుడి పేరుతో మొదలై అదే పేరుతో ముగిసే వివరణ, ఆయనను తిట్టేదైనా పొగిడేదైనా, ఆ నీళ్ల దాకా వెళ్లలేదని గుర్తుపెట్టుకోండి.

తరువాత, అభిప్రాయభేదం ఒకటి, ఎదుటివారిని పరాయివారిగా చూడటం మరొకటి అని గ్రహించి, రెండింటినీ వేర్వేరుగా కొలవండి. ఎవరు ఎవరితో వియ్యం అందుకుంటారో చూస్తే గోడ ఎక్కడుందో తెలుస్తుందని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మీ బిడ్డ ఎదుటి పార్టీ వారిని పెళ్లి చేసుకుంటే మీకు బాధ కలుగుతుందా అని 1960లో అమెరికన్లను అడిగితే, అవునన్నవారు నూటికి సుమారు ఐదుగురే. 2010లో అటువంటి ప్రశ్నే అడిగినప్పుడు, అక్కడి రెండు పెద్ద పార్టీలవారిలో రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో దాదాపు మూడో వంతు మంది ఇష్టపడమన్నారు. పన్నుల మీద, తుపాకుల మీద వాదన ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా పుట్టింది ఈ ఎడం.

ఇక ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒంటి రంగు, వెళ్లే చర్చి, చదువు, చేసే పని, ఉండేది పల్లెనా పట్నమా, వేసే ఓటు అని గడులు గీయండి. ముందు మీ ఊరికే ఇలాంటి కాగితం తయారుచేసి చూడండి. దేవరకొండ దగ్గర మా ఊళ్లో అన్నది ఒక పార్టీ, తమ్ముడిది ఇంకో పార్టీ. బొడ్రాయి పండుగకు ఇద్దరూ చందా వేస్తారు, కరువొస్తే ఇద్దరూ అదే చెరువు వంక చూస్తారు. బంధాలు ఇలా ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి కాబట్టి ఎన్నికల పగ ఊరిని నిలువునా చీల్చలేదు. డెబ్బై ఏళ్ల కిందటి అమెరికా కూడా చాలావరకు ఇలాగే ఉండేది. డెమొక్రాటిక్ పార్టీలోనే దక్షిణాది వర్ణవివక్షవాదులూ ఉత్తరాది కార్మిక సంఘాలూ ఉండేవి. రిపబ్లికన్లలో ఉదారవాదులకు చోటుండేది. రెండు పార్టీలకూ మధ్య ఓటరుకు స్పష్టమైన తేడా కనబడటం లేదని అక్కడి రాజనీతిశాస్త్రజ్ఞుల సంఘం 1950లో ఒక నివేదికలో ఫిర్యాదు చేసిందంటే నేడు నమ్మడం కష్టం. ఇప్పుడు ఆ గడులన్నీ ఒకే గీత వెంట చేరిపోయాయి. ఓటు ఎవరికో తెలిస్తే చర్చి, చదువు, ఉండే చోటు చాలావరకు ఊహించవచ్చు. అవి అలా ఎందుకు చేరాయన్నదే మీరు వెతకవలసిన అసలు ప్రశ్న.

ఒంటి రంగు గడి దగ్గర ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే మిగతావి దీని చుట్టూనే తిరుగుతాయి. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టంపై సంతకం చేశారు. ఆయన డెమొక్రాట్, ఆ చట్టాన్ని గట్టిగా అడ్డుకున్నది ఆయన పార్టీలోని దక్షిణాది సభ్యులే, రిపబ్లికన్ సభ్యులలో అనుకూలంగా ఓటు వేసినవారి శాతం డెమొక్రాట్ల కంటే ఎక్కువ. కానీ అదే ఏడాది రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ ఆ చట్టాన్ని వ్యతిరేకించారు. దేశమంతటా చిత్తుగా ఓడినా, డెమొక్రాట్ల కంచుకోటలైన దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు గెలిచారు. తరువాతి ముప్పై ఏళ్లలో దక్షిణాది శ్వేతజాతీయులు క్రమంగా రిపబ్లికన్ల వైపు నడిచారు, నల్లజాతి ఓటర్లు డెమొక్రాట్ల వైపు స్థిరపడ్డారు.

దీనికి ఇళ్ల చరిత్ర తోడైంది. 1930ల్లో ప్రభుత్వ సంస్థ తయారుచేసిన పట్టణ పటాల్లో నల్లవారు ఉండే పేటలకు ఎర్ర రంగు పూసి, అక్కడ అప్పివ్వడం ప్రమాదమని గుర్తుపెట్టారు. ఇళ్ల అమ్మకాల్లో వివక్షను నిషేధిస్తూ 1968లో చట్టం వచ్చేనాటికి ఒక తరం ఆస్తి తేడా గట్టిపడిపోయింది. అక్కడి ప్రభుత్వ బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది కనుక, పేద పేటకు పేద బడే దక్కింది. ఊరికీ వాడకూ మధ్య దూరం ఏమిటో ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. కులమూ జాతీ ఒకటి కావు, ఆ పోలికను మరీ సాగదీయకూడదు. అయినా ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి బడి, బడిని బట్టి కొలువు తేలడం రెండు చోట్లా చూస్తున్నదే.

మతం గడి త్వరగా నిండుతుంది. గర్భస్రావ హక్కును 1973లో సుప్రీంకోర్టు గుర్తించింది. 1970ల చివర నుంచి ఇవాంజెలికల్ క్రైస్తవులు, అంటే బైబిల్ మాటను గట్టిగా పట్టుకునే ప్రొటెస్టెంట్లు, రిపబ్లికన్లకు దగ్గరయ్యారు. 2022 జూన్‌లో అదే కోర్టు ఆ తీర్పును కొట్టివేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది.

పని గడిలో ఈ అంకెలు రాసుకోండి. 2000లో ఫ్యాక్టరీ ఉద్యోగాలు సుమారు 1 కోటి 70 లక్షలు. 2010 నాటికి 1 కోటి 20 లక్షల లోపే. యంత్రాలు కొంత కారణం, 2001 చివర ప్రపంచ వాణిజ్య సంస్థలో చైనా చేరాక వచ్చిపడిన దిగుమతులు కొంత, 2008 ఆర్థిక సంక్షోభం కొంత. పని పోయిన పట్నం ఎలా ఉంటుందో పాలమూరు వలసలు చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. డిగ్రీ ఉన్నవారు పెద్ద నగరాలకు వెళ్లి బాగుపడ్డారు, లేనివారు మూతపడిన ఫ్యాక్టరీ పక్కనే మిగిలారు. చదువు కూడా ఓటును విడదీసే గీతగా మారింది.

ఎన్నికల నియమాలకు వేరే కాగితం పెట్టండి, ఎందుకంటే చీలికను పుట్టించకపోయినా పెంచి పోషించేవి అవే. పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సభ్యులు. నల్లగొండ జిల్లా జనాభాలో సగం కూడా లేని వయోమింగ్‌కు ఇద్దరు, దాదాపు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే. దిగువ సభ అయిన ప్రతినిధుల సభలోని 435 నియోజకవర్గాల హద్దులను చాలా రాష్ట్రాల్లో అధికార పార్టీయే తనకు అనుకూలంగా గీసుకుంటుంది. దీన్ని ఆపడం ఫెడరల్ (కేంద్ర) కోర్టుల పని కాదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. గెలుపు ముందే ఖాయమైన చోట అసలు పోటీ, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే జరుగుతుంది. దానికి వచ్చే ఓటర్లు తక్కువ, వారిలో పట్టుదల ఎక్కువ. అందువల్ల ఎదుటివారితో రాజీపడిన సభ్యుడు సొంత పార్టీలోనే సీటు పోగొట్టుకుంటాడు.

సోషల్ మీడియాయే కారణమని తొందరపడి రాయకండి. నా విద్యార్థుల జవాబుల్లో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇది. రేడియో, టీవీ ప్రసారాల్లో వివాదాంశాలపై భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలన్న నియమాన్ని 1987లో ఎత్తివేశారు. ఒకటి రిపబ్లికన్ల వైపు, మరొకటి డెమొక్రాట్ల వైపు మొగ్గిన వార్తా ఛానళ్లు ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ 1996లో వచ్చాయి. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో. ఇంటర్నెట్ తక్కువగా వాడే వృద్ధుల్లోనే చీలిక ఎక్కువగా పెరిగిందని 2017లో ఒక అధ్యయనం చూపింది. ఫోను మంటకు గాలి ఊదుతుంది, నిజమే. కట్టెలు అంతకు ముందే పేర్చి ఉన్నాయి.

వలసల గడి మన ఇళ్లకు తగులుతుంది. 1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసేసింది. 1970లో విదేశాల్లో పుట్టినవారు నూటికి ఐదుగురి లోపే ఉండగా, నేడు పద్నాలుగురికి చేరారు. 1990 చట్టంతో హెచ్1బీ వీసా వచ్చింది, మన పిల్లలు వెళ్లారు. తమ ఊరు తమది కాకుండా పోతోందని దిగులుపడే అమెరికన్‌కు ఆ మార్పులో మన బిడ్డ కూడా భాగంగానే కనిపిస్తాడు. ఈ గడిని కోపంతో కాకుండా నిదానంగా నింపమని తల్లిదండ్రులను నేను ప్రత్యేకంగా కోరుతున్నాను.

కాగితం నిండాక, రెండు పక్షాలూ ఒకరి గురించి ఒకరు ఏమనుకుంటున్నాయో పక్కన రాయండి. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటి సంపాదించేవారు రిపబ్లికన్లలో ఎంతమంది అని అడిగితే, అమెరికన్ల సగటు అంచనా 38 శాతం. అసలు లెక్క సుమారు 2 శాతమని 2018లో వెలువడిన పరిశోధన చెప్పింది. డెమొక్రాట్ల గురించిన అంచనాలూ అంతే తప్పు. అంటే ఉన్న తేడాకు తోడు, లేని తేడా కూడా పనిచేస్తోంది.

చివరగా, మీ గీతకు లొంగని మనుషులను వెతకండి. మెక్సికో సరిహద్దున టెక్సాస్‌లోని స్టార్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దాదాపు అందరూ హిస్పానిక్‌లే, అంటే స్పానిష్ భాషా మూలాలున్నవారే. అధ్యక్ష ఎన్నికల్లో వందేళ్లకు పైగా డెమొక్రాట్లనే గెలిపించిన ఆ కౌంటీ 2024లో రిపబ్లికన్ల వైపు మొగ్గింది. అలాంటి చోటు దొరికినప్పుడల్లా కాగితం మీద తేదీ వేసి, ఏ గడి తప్పిందో గుర్తుపెట్టి, డాలస్‌లో ఉన్న మీ బిడ్డకు ఫోన్ చేసినప్పుడు ముందుగా ఆ గడి గురించే అడగండి.