మెట్టుతో కాళ్ల బలం – 3వ పాఠం: దిగడం

పోయిన పాఠంలో ఎక్కడం నేర్చుకున్నాం. మెట్టు మీద ఉన్న కాలి బలంతోనే లేవాలి, కింది కాలితో నేలను తన్నకూడదు అన్నాం కదా. అది ఇంకా కుదరనివారు కింది పాదం వేళ్లను పైకెత్తి ఉంచండి. ఇక తన్నడానికి వీలుండదు.

ఎక్కడాన్ని అందరూ లెక్కపెడతారు. దిగేటప్పుడు మాత్రం దబ్బున పడిపోతారు. చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది, సగం వ్యాయామం అక్కడే నేలపాలు!

అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లి, మళ్లీ నడిచే దిగినవారిని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, కానీ మర్నాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవడమే గగనమవుతుంది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ ఒంటిని లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపుతుంది. సాగుతూ పనిచేసేటప్పుడు కండరం ఎక్కువ బరువును కాయగలదు, ఆయాసమూ తక్కువే. అలవాటు లేకపోతే ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పి తెలుస్తుంది. రెండోసారికి అది బాగా తగ్గుతుంది, భయపడకండి. మోకాలి కీలులో పోటు వస్తే మాత్రం వెంటనే ఆపేయండి.

20 సెంటీమీటర్ల మెట్టు చాలు. గోడ పక్కన నిలబడి, కుడికాలు మెట్టు అంచున ఉంచి, ఎడమకాలిని ముందుకు గాలిలో వదలండి. మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ఎడమ మడమ నేలను తాకీ తాకనట్టు తాకాలి. చప్పుడు వినిపిస్తే ఆ దిగడం లెక్కలోకి రాదు. ఒక్క అంకెలో పైకి లేవండి. కాలికి 8 చొప్పున మూడు విడతలు, విడతల మధ్య రెండు నిమిషాల విశ్రాంతి. వారానికి రెండు రోజులే.

మా మైదానంలో కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్న ఒక అమ్మాయి ఐదోసారి దిగేసరికి మోకాలు వణుకుతూ లోపలికి వాలిపోయేది. తొడలో బలముంది, తుంటి పక్క కండరాలకే పట్టు లేదు. ఎత్తు సగానికి తగ్గించి, మోకాలిచిప్ప కాలి రెండో వేలి వైపే చూసేలా అద్దం ముందు చేయించాను. మూడు వారాలకు కాలు నిలకడగా నిలిచింది. ఇంత త్వరగా కండ పెరగదు. ఉన్న కండను నరాలు బాగా వాడుకోవడం నేర్చుకున్నాయి, అంతే.

ఈ బలమొక్కటే లాంగ్ జంప్ దూరాన్ని పెంచేయదు. దూకడానికి వేగం కూడా కావాలి. మెట్టు మీది నుంచి దూకడం వచ్చే పాఠంలో. చప్పుడు లేకుండా 8 సార్లు దిగగలిగినవారే అందులోకి రండి.