అద్దె ఇంటి మీద సిటీ నుంచి ‘న్యూసెన్స్’ నోటీసు వస్తే

అమెరికాలో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా అపార్థం అయ్యేది ఇదే: మీ ఇంటిని ‘క్రానిక్ న్యూసెన్స్ ప్రాపర్టీ’గా (పదేపదే గొడవలు, నేరాలు జరిగే ఇల్లుగా) ప్రకటించబోతున్నాం అంటూ సిటీ పంపే నోటీసు. కొందరు దీన్ని పార్కింగ్ టికెట్ లాంటిదనుకుని, డబ్బు కట్టేస్తే పీడ వదులుతుందనుకుంటారు. ఇంకొందరు హడలిపోయి ఆ సాయంత్రమే అద్దెదారును ఖాళీ చేయమంటారు. రెండూ నష్టం తెచ్చేవే. ఈ చట్టం మొత్తం ఒక లెక్క మీద నడుస్తుంది: ఏ రకం ఘటనలు, ఎన్ని, ఎన్ని రోజుల్లో. మీరు చేయాల్సిన పని కూడా ఆ లెక్క దగ్గరే మొదలవుతుంది.

ముందు ఆ ఉత్తరం ఎవరి నుంచి వచ్చిందో చూడండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) పంపే ఉత్తరం వేరు, సిటీ నోటీసు వేరు. హెచ్‌ఓఏది ఇల్లు కొనడంతోనే మీకు వర్తించే ఒప్పందం ప్రకారం నడిచే వ్యవహారం. సిటీది చట్టం. దానిమీద పోలీసు శాఖ పేరో, కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (సిటీ నిబంధనలు అమలుచేసే విభాగం) పేరో, సిటీ అటార్నీ పేరో ఉంటుంది, మునిసిపల్ కోడ్ సెక్షన్ నంబరు కూడా ఉంటుంది. ఆ నంబరుతో వెతికి ఆర్డినెన్స్ (సిటీ చేసిన స్థానిక చట్టం) మొత్తం చదవండి. చాలా సిటీల కోడ్ ఇంటర్నెట్‌లోనే ఉంటుంది, ఇలాంటి అధ్యాయాలు పెద్దవి కూడా కావు.

సిటీ ఎలా లెక్కపెడుతుంది

దేశం మొత్తానికి ఒకే నియమం లేదు, ఏ ఊరి ఆర్డినెన్స్ ఆ ఊరిదే. సియాటిల్‌లో 60 రోజుల్లో మూడు ఘటనలు, లేదా 12 నెలల్లో ఏడు జరిగితే ఇల్లు ఆ కోవలోకి వస్తుంది. మిల్వాకీ 30 రోజుల్లో మూడుసార్లు పోలీసులు రావడాన్ని పరిమితిగా పెట్టుకుంది. ఘటనల జాబితా కూడా ఊరినిబట్టి మారుతుంది. మాదకద్రవ్యాల అమ్మకం, కొట్లాటలు, తుపాకి కాల్పులు, విపరీతమైన శబ్దం దాదాపు అన్ని చోట్లా ఉంటాయి. కొన్ని ఊళ్లు పెరిగిపోయిన గడ్డి, చెత్త, పాడుబడ్డ కార్ల లాంటి కోడ్ ఉల్లంఘనలను కూడా ఇందులో కలుపుతాయి.

రెండు విషయాలు తప్పకుండా చూసుకోండి. ఒకటి, ఫోన్ వస్తే చాలా, లేక పోలీసు వచ్చి నిజమేనని నిర్ధారించాలా? కొన్ని ఊళ్లలో ఉత్త కాల్ కూడా లెక్కలోకి వెళ్తుంది. రెండు, అపార్ట్‌మెంట్ అయితే లెక్క ఒక్కో యూనిట్‌కా, మొత్తం బిల్డింగుకా? ఇరవై యూనిట్లున్న బిల్డింగుకు, ఒక్క ఇంటికి అదే పరిమితి పెట్టడం న్యాయం కాదు. అందుకే కొన్ని ఆర్డినెన్సులు యూనిట్ల సంఖ్యనుబట్టి పరిమితిని పెంచుతాయి. మీ నోటీసులో ఆ తేడా పాటించారో లేదో లెక్కపెట్టి చూడండి.

గడువు, చిరునామా

జవాబుకు ఇచ్చే సమయం చాలా తక్కువ. వారం, పది రోజులు మామూలే. అప్పీల్‌కు విడిగా మరో గడువు ఉంటుంది. ఆ రోజులు నోటీసు మీ చేతికి అందిన రోజు నుంచి కాక, పోస్టులో వేసిన తేదీ నుంచే మొదలుకావచ్చు. అందుకే కవరు పారేయకండి, దానిమీది తేదీ ముద్ర మీకు పనికొస్తుంది.

చాలామంది ఓనర్లు దెబ్బతినేది ఇక్కడే. సిటీ సాధారణంగా కౌంటీ పన్ను రికార్డుల్లో ఉన్న చిరునామాకు నోటీసు పంపుతుంది. మీరు వేరే రాష్ట్రానికి మారినా, ఇండియాకు తిరిగొచ్చేసినా ఆ రికార్డు మార్చకపోతే ఉత్తరం పాత ఇంటికే వెళ్తుంది, లేదా అద్దెదారు చేతిలోనే పడుతుంది. సిటీ తన వంతు పంపేసింది, గడువు నడుస్తూనే ఉంటుంది. ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరుతో కొన్నవాళ్లకు ఇంకో చిక్కుంది: నోటీసు రిజిస్టర్డ్ ఏజెంట్‌కు (కంపెనీ తరఫున అధికారిక ఉత్తరాలు అందుకునేవారికి) వెళ్లొచ్చు, ఆ ఏజెంట్‌కు మీరు ఫీజు కట్టడం మరిచిపోతే మీకు చెప్పేవాళ్లే ఉండరు. నోటీసు రాకముందే కౌంటీ అసెసర్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే కార్యాలయం) రికార్డులో చిరునామా సరిచేయండి. రోజూ ఫోన్ ఎత్తే స్థానిక మనిషి పేరు, నంబరు సిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. దూరంగా ఉండేవాళ్లకు ఇంతకన్నా చవకైన రక్షణ లేదు.

ఘటనల జాబితా తెప్పించుకోండి

నోటీసులో తేదీలు మాత్రమే ఉంటే సరిపోదు. పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ (ప్రభుత్వ రికార్డుల కోసం పెట్టే అర్జీ) పెట్టి ఆ చిరునామాకు వచ్చిన కాల్స్ చిట్టా, ఘటనల రిపోర్టులు అడగండి. అవి గడువులోపు రాకపోవచ్చు. అందుకని జవాబులోనే ‘రికార్డులు అడిగాం, అందాక మరింత వివరంగా రాస్తాం’ అని ఒక వాక్యం చేర్చి, గడువు పొడిగించమని కోరండి.

చిట్టా వచ్చాక ఒక్కో వరుసా చూడండి. తేదీ సిటీ చెప్పిన కాలంలోనే ఉందా? చిరునామా మీదేనా, పక్క ఇంటిదా, వీధి మూలదా? వీధిలో జరిగిన గొడవకు దగ్గర్లోని ఇంటి నంబరు రాసేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఒకే రాత్రి ఒకే గొడవ మీద ముగ్గురు ఫోన్ చేస్తే దాన్ని మూడుగా రాశారా? ఫోన్ చేసింది మీ అద్దెదారేనా?

ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగండి. ఈ చట్టాల చరిత్రలో ఘోరమైన తప్పులు జరిగింది ఇక్కడే. మిల్వాకీలో రెండేళ్లపాటు జారీ అయిన నోటీసులను సామాజిక శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు గృహహింస కాల్స్ వల్లే వచ్చాయని తేలింది. చాలామంది ఓనర్లు ‘సమస్య పరిష్కారం’ కింద దెబ్బలు తిన్న స్త్రీనే ఖాళీ చేయించారు. పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్‌లో ఒక తల్లి, పోలీసులను పిలిస్తే ఇల్లు పోతుందని భయపడి, మెడలో పగిలిన గాజుతో పోటుకు గురైనప్పుడు కూడా ఫోన్ చేయడానికి వెనుకాడింది. తర్వాత ఆమె ఆ ఊరి మీద వేసిన కేసులో 2014లో 4,95,000 డాలర్లకు రాజీ కుదిరింది.

2022లో మహిళలపై హింస నిరోధక చట్టాన్ని (వయొలెన్స్ అగెనెస్ట్ విమెన్ యాక్ట్) పునరుద్ధరించినప్పుడు అమెరికా కాంగ్రెస్ దీనికి అడ్డుకట్ట వేసింది. ఫెడరల్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ (స్థానిక అభివృద్ధికి కేంద్రం ఇచ్చే) నిధులు తీసుకునే ప్రభుత్వాల పరిధిలో ఓనర్లు, అద్దెదారులు, అతిథులు ఎవరైనా తమ ఇంటి నుంచి పోలీసులను, అత్యవసర సాయాన్ని పిలిచే హక్కు ఉంది. సాయం కోరినందుకు గానీ, నేరానికి బాధితులైనందుకు గానీ జరిమానా వేయకూడదు, ఖాళీ చేయిస్తామని బెదిరించకూడదు, ఇంటిని న్యూసెన్స్‌గా ముద్ర వేయకూడదు. చిట్టాలో అలాంటి కాల్ కనిపిస్తే దాన్ని లెక్కలోంచి తీసేయమని ఈ చట్టం పేరు రాసి అడగండి. మూడు ఘటనల్లో ఒకటి పోతే మొత్తం నోటీసే నిలవకపోవచ్చు. మీ లీజులో ‘911కి ఎక్కువసార్లు ఫోన్ చేస్తే ఖాళీ చేయాలి’ లాంటి షరతు ఉంటే ఇవాళే తీసేయండి.

ప్లాన్ రాయడం

లెక్క సరైనదే అని తేలితే సిటీ మిమ్మల్ని రాతపూర్వకంగా ప్లాన్ అడుగుతుంది, లేదా మీటింగ్‌కు పిలుస్తుంది. ‘తగు చర్యలు తీసుకుంటాం’ అని రాస్తే తిప్పి పంపుతారు. ఏ ఘటనకు ఏ చర్య, ఏ తేదీలోపు, ఎవరు చేస్తారు, ఆధారంగా ఏమిస్తారు అన్నది రాయాలి. ఉదాహరణకు ఇంటి వెనక బయటివాళ్లు గుమిగూడుతుంటే లైట్లు, గేటు తాళం, వాటి రశీదులు జత చేయండి. దాంతోపాటు మీరు లేనప్పుడు మీ తరఫున బయటివాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టే అధికారాన్ని పోలీసులకు ఇచ్చే లేఖ ఒకటి ఉంటుంది, చాలా పోలీసు శాఖల దగ్గర దాని ఫారం దొరుకుతుంది. దానికి కాలపరిమితి ఉంటే రెన్యూ చేయించాల్సింది మీరే.

మీ చేతిలో లేని దాన్ని మాట ఇవ్వకండి. ‘30 రోజుల్లో అద్దెదారును ఖాళీ చేయిస్తాను’ అని రాస్తే అది కోర్టు చేతిలో ఉన్న పని. తేదీ తప్పితే మాట తప్పినవారు మీరే అవుతారు. ‘ఫలానా తేదీన లీజు ఉల్లంఘన నోటీసు ఇస్తాను, సరిదిద్దుకోకపోతే ఫలానా తేదీలోపు కోర్టులో కేసు వేస్తాను’ అని రాయండి. సిటీ ఒత్తిడి చేస్తోంది కదా అని తాళాలు మార్చడం, కరెంటు తీయించడం అసలు చేయవద్దు. అది చట్టవిరుద్ధం, ఆ కేసులో ఓడేది మీరే. ఇల్లు ఖాళీగా ఉంచితే గొడవ ఉండదనుకోవడం కూడా పొరపాటే. ఖాళీ ఇంటికి ఆక్రమణదారులు వస్తారు, పైగా చాలా ఊళ్లలో ఖాళీ ఇళ్లకు వేరే రిజిస్ట్రేషన్, ఫీజు ఉంటాయి.

జవాబు ఇవ్వకపోతే ఏమవుతుందంటే: ఆ తర్వాత పోలీసులు వచ్చిన ప్రతిసారీ ఖర్చు మీకు బిల్లుగా వస్తుంది, లేదా రోజువారీ జరిమానా మొదలవుతుంది. కట్టని మొత్తాన్ని చాలాచోట్ల లియెన్‌గా (ఇంటి మీద బాకీ హక్కుగా) పెడతారు, లేదా ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో కలిపేస్తారు. పన్ను బాకీ ముదిరితే ఇల్లే పోవచ్చు. అద్దె లైసెన్సు ఉన్న ఊళ్లలో దాన్ని రద్దు చేయవచ్చు. చివరి మెట్టు కోర్టు: జడ్జి ఇంటిని కొంతకాలం మూసేయమని ఆదేశించవచ్చు.

పక్కింట్లో ఉండేది మీరైతే

ప్రమాదం జరుగుతుంటేనే 911. చెత్త, శబ్దం, పాడుబడ్డ కార్లకు 311 (సిటీ సేవల నంబరు) లేదా పోలీసుల మామూలు నంబరు. ప్రతిసారీ ఘటన నంబరు అడిగి, తేదీ, సమయం, చూసింది మాత్రమే రాసిపెట్టండి. నంబరు లేని ఫిర్యాదు తర్వాత చిట్టాలో దొరకదు. ఫొటోలు మీ స్థలంలో నిలబడే తీయండి.

ఓనర్ల విషయానికొస్తే, ప్లాన్ పూర్తయ్యాక కేసు మూసినట్టు సిటీ నుంచి ఉత్తరం అడిగి తీసుకోండి. పాత ఘటనల లెక్క ఏ తేదీతో సున్నాకు వస్తుందో అందులో రాయించండి. ఇల్లు అమ్మేటప్పుడు లియెన్ ఏమైనా మిగిలిందా అని టైటిల్ కంపెనీ (ఇంటి హక్కు రికార్డులు పరిశీలించే సంస్థ) వెతుకుతుంది, అప్పుడు చూపించాల్సింది ఆ ఉత్తరమే.