ఏటిగడ్డ ఊరి చరిత్ర రాసే పద్ధతి: అలంపూర్ ఉదాహరణగా

ఒకప్పుడు బాగా బతికిన ఊరి చరిత్ర రాయబోతే ముందు చేతికి వచ్చేది స్థలపురాణం. తుంగభద్ర ఒడ్డునున్న అలంపూర్‌లో అది రససిద్ధుడి కథ. లోహాన్ని బంగారం చేసే రసంతో గుళ్లు లేచాయంటారు. దాన్ని కథగానే ఒక పేజీలో రాసి పక్కన పెట్టండి. ఆ గుళ్లకు, మిద్దెలకు పైసలు ఎవరు పెట్టారు, ఆ పైసలు ఎక్కడివి అన్నదే అసలు పని.

శాసనాలతో మొదలుపెట్టండి. స్వర్గబ్రహ్మ గుడిని బాదామి చాళుక్య వినయాదిత్యుడి (681-696) కాలంలో లోకాదిత్య ఎళ అరస అనేవాడు మహారాణి పేరున కట్టించాడని శాసనం ఉంది. కట్టించినవాడి పేరు ఇట్లా నేరుగా దొరకడం అదృష్టమే. దానశాసనాలు దొరికితే భూమి కొలత, నాణెం పేరు, ఏ సరుకు మీద ఎంత సుంకం అన్నవి వేరే పట్టీగా రాసుకోండి. ఊరి కలిమి తెలిసేది వాటిలోనే, రాజుల పొగడ్తల్లో కాదు.

అక్షరాలు కనబడటం లేదని సుద్ద, పసుపు, నూనె పూయొద్దు. రాయి పాడవుతుంది, పైగా స్వర్గబ్రహ్మతో సహా ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. సిరాతో అచ్చు తీయాలన్నా అనుమతి కావాలి. పొద్దు వాలాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టండి. గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. నాలుగు దిక్కులనుంచీ నాలుగు ఫొటోలు, పక్కన కొలత కోసం స్కేలు. ఒకే వైపునుంచి తీస్తే వెలుగు వచ్చిన దిక్కుకే సాగిన గీతలు మాయమై అక్షరం మారిపోతుంది.

తేదీల దగ్గర చాలామంది తప్పుతారు. శక సంవత్సరానికి 78 కలపాలి. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా ఎక్కువగా 79 అవుతుంది. ప్లవ, శుభకృతు వంటి పేరు ఒక్కటే ఉంటే అది 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి రాజు పేరుతో సరిచూడాలి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీకి (అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలపండి. ఫసలీ 1340 అంటే 1930 అక్టోబరులో మొదలైన ఏడాది. ఏటికి అవతల కర్నూలు బ్రిటిష్‌వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అక్కడి ఫసలీ జులైలో మొదలయ్యేది. రెండు ఒడ్డుల లెక్కలు పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మరిస్తే మూడు నెలలు జరిగిపోతాయి.

రూపాయి కూడా అంతే. ఇవతల హాలీ సిక్కా (నిజాం రూపాయి), అవతల కల్దార్ (బ్రిటిష్ రూపాయి). 100 కల్దార్లకు సుమారు 116 హాలీ రూపాయలు. ఏ రూపాయో రాయకుండా అంకె ఎత్తి రాస్తే లెక్క పనికిరాదు.

కాగితాలు ఎక్కడ? అలంపూర్ తాలూకా 1956 నవంబరు దాకా రాయచూరు జిల్లాలో ఉంది, తర్వాత మహబూబ్‌నగర్, 2016 అక్టోబరు నుంచి జోగులాంబ గద్వాల. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మహబూబ్‌నగర్ అని మాత్రమే అడిగితే పాత ఫైళ్లు బయటికి రావు. రాయచూరు పేరుతో కూడా అడగండి. రేవు వేలం, కరోడ్‌గిరి (అంటే సుంకాల శాఖ) ఫైళ్లు ముఖ్యం. సరిహద్దు ఊరు కాబట్టి పుట్టిలో (గుండ్రటి పడవలో) ఏరు దాటిన ప్రతి సరుకూ అక్కడ లెక్కకు ఎక్కాలి. ఉర్దూ చదవగలిగినవాళ్లు కూడా పాత జమాఖర్చుల్లోని సియాఖ్ అంకెల (అరబ్బీ మాటలను కుదించి రాసే లెక్కల గుర్తుల) దగ్గర ఆగిపోతారు, అవి తెలిసినవాళ్లను వెంట పెట్టుకోండి. గుడి మాన్యాలకు సేత్వార్ (భూమి సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) చూడండి.

పెద్దవాళ్లను ఏ సంవత్సరం అని అడగొద్దు. పోలీస్ యాక్షన్‌కు ముందా తర్వాతనా, శ్రీశైలం డ్యాం ముంపు వచ్చేనాటికి మీ దుకాణం ఏ వాడలో ఉండె, 2009 వరదకు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చినయి అని అడగండి. గుడి పూజారులతో ఆగకండి, షా అలీ పహిల్వాన్ దర్గా దగ్గరివాళ్లనూ, పుట్టి నడిపిన కుటుంబాలనూ కలవండి.

చివరికి పటం. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఇళ్లు, రేవు, గుళ్ల ఎత్తు దానితో పోల్చి గుర్తు పెట్టండి. ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌కు తెచ్చి కట్టారు కాబట్టి ఇప్పుడున్న చోటుతోపాటు మొదటి చోటూ చూపాలి. పాత రేవు మెట్లు ఫొటో తీయాలంటే ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు వెనక్కి పోయినప్పుడు వెళ్లండి.