కాంప్లెక్స్ సమావేశంలో ప్రశ్నల సాధన

పిల్లల ప్రశ్నలతో పాఠం నడపాలంటే ముందు స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే చోట, టీచర్లే విద్యార్థులుగా కూర్చోవాలి. నలుగురికో చార్టు, ఒక స్కెచ్ పెన్ను. ప్రశ్న ఇవ్వొద్దు, వాక్యం చాలు: "రామప్ప గుడి గోపురపు ఇటుకలు నీళ్లలో తేలుతాయి."

7 నిమిషాలు ప్రశ్నలే రాయాలి. జవాబు, చర్చ, దిద్దుబాటు వద్దు. అన్నది అన్నట్టే రాయాలి. చెడేది ఇక్కడే: సైన్స్ సారు ఆగలేక సాంద్రత చెప్పేస్తారు, మిగతా చేతులు ఆగిపోతాయి.

తర్వాత అవును-కాదు ప్రశ్నల్ని 'ఎందుకు', 'ఎలా'గా మార్చి 3 ఎంచుకోవాలి. ఒకటైనా బడిలోనే తేల్చగలిగేది కావాలి. ఇటుక సాంద్రత కొలవాలంటే గుడి ఇటుక అక్కర్లేదు. మామూలు ఇటుక ముక్క, తక్కెడ, కొలజాడీ సరిపోతాయి. ముక్కను పొడిగా తూచి, నీళ్లలో ముంచి కొలిచే ముందు నానబెట్టండి, లేకపోతే రంధ్రాలు నీళ్లు పీల్చి ఘనపరిమాణం తక్కువ చూపిస్తుంది.

తరగతిలో చేసేటప్పుడు తోటి టీచరు వెనక కూర్చుని సారు మాట్లాడిన నిమిషాలు రాసుకోవాలి.