ఇసుక తీరంలో ఆటోమేటిక్ లైట్‌హౌస్: దీపం మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

డెన్మార్క్‌లోని ఉత్తర జట్లాండ్ లాంటి ఇసుక తీరాల్లో లైట్‌హౌస్‌కు ఇప్పుడు కాపలా మనిషి లేడు. ఎల్‌ఈడీ దీపం, సోలార్ ప్యానెల్, బ్యాటరీలు, వెలుతురు సెన్సార్, దూరం నుంచి కబురు పంపే మోడెం, అంతే. వీటిలో ఏది చెడినా ఓడ నడిపేవాళ్లకు తెలిసేది దీపం తీరు మారడం ద్వారానే. అందుకే టూల్‌కిట్ విప్పకముందే నౌకాయాన అధికారులకు చెప్పండి. ఓడలకు హెచ్చరిక వెళ్లాకే మరమ్మతు.

చీకటి పడినా దీపం వెలగడం లేదు

చాలామంది ముందు బల్బునే అనుమానిస్తారు. నేనైతే బ్యాటరీ దగ్గరే మొదలుపెడతాను. 57 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబర్ చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు 10 డిగ్రీల ఎత్తుకు రాడు. రాత్రేమో 17 గంటలు. అంటే ఖర్చు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే రాబడి తక్కువ. దానికి తోడు చలికి బ్యాటరీ సామర్థ్యమూ పడిపోతుంది.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే లోడు, ఛార్జింగు రెండూ తీసేసి కొన్ని గంటలు ఆగి కొలవండి. 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. ఖాళీ అయిన బ్యాటరీ సున్నాకు కొన్ని డిగ్రీలు తగ్గితే చాలు, గడ్డకడుతుంది. డబ్బా ఉబ్బి కనిపిస్తే ఛార్జ్ చెయ్యకండి, మార్చెయ్యండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే సున్నాకు కింద ఛార్జింగ్ ఆపేసే రక్షణ ఉంటుంది. అక్కడ లోపం బ్యాటరీది కాదు, దాని గదికి వెచ్చదనం చాలకపోవడం.

బ్యాటరీ బాగుంటే సెన్సార్‌ను నల్లగుడ్డతో కప్పి కొన్ని నిమిషాలు ఆగండి. మబ్బు నీడలకు మోసపోకుండా అందులో కావాలనే ఆలస్యం పెడతారు. దీపం వెలిగితే సెన్సార్ మీద రాత్రిళ్లు వేరే వెలుగేదో పడుతోందన్నమాట. వెలగకపోతే ఫ్యూజు, టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము, ఆ తర్వాతే దీపం.

ఇంకా ఉత్తరాన, 61 డిగ్రీలు దాటాక, నడివేసవిలో రాత్రంతా సంధ్య వెలుతురే ఉంటుంది. అక్కడ జూన్‌లో దీపం వెలగకపోతే అది లోపం కాకపోవచ్చు.

పట్టపగలు కూడా వెలుగుతోంది

సెన్సార్ మీద పక్షి రెట్ట, ఉప్పు పొర, మంచు. కడిగితే సరి. కడిగినా ఆగకపోతే సెన్సార్ పోయినట్టే. చాలా యంత్రాల్లో సెన్సార్ చెడితే దీపం వెలుగుతూనే ఉండేలా అమరుస్తారు, అది సరైన పద్ధతి. అయితే శీతాకాలంలో బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి వారాల తరబడి వాయిదా వెయ్యకూడదు.

వెలుగుతోంది, కానీ మసకగా ఉందంటున్నారు

ఇసుక తీరానికి ఇదే అసలు జబ్బు. దిబ్బ మీదుగా ఎగదన్నే గాలి ఇసుకను అద్దాల ఎత్తుకు తెచ్చి అరగదీస్తుంది. పగలు చూస్తే అద్దం శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. చీకటి పడ్డాక టార్చిని అద్దానికి ఏటవాలుగా పట్టండి: సముద్రం వైపు పలక పాలు పోసినట్టు తెల్లబడితే అది గీతల వల్ల. ఆ గీతలు వెలుగును సూటిగా పోనివ్వక చెదరగొడతాయి. పలక మార్చడం తప్ప గట్టి మందు లేదు. యాక్రిలిక్ అయితే కొంతవరకు పాలిష్ చెయ్యొచ్చు.

అద్దాన్ని ఎప్పుడూ పొడిగుడ్డతో తుడవకండి. ఆ గుడ్డ కింద చిక్కిన ఇసుకే కొత్త గీతలు గీస్తుంది. ముందు మంచినీళ్లు ధారగా పోసి ఇసుకను, ఉప్పును జారిపోనివ్వాలి, తర్వాతే మెత్తటి గుడ్డ.

పాత బల్బుల వేడికి అద్దం మీద మంచు కొంత కరిగేది. ఎల్‌ఈడీ నుంచి అంత వేడి రాదు. దీపం మార్చాక ఆ శీతాకాలమే మొదటిసారి మసక ఫిర్యాదు వస్తే ఇది గుర్తుంచుకోండి. లోపలివైపు చెమ్మ పడితే గాలి రంధ్రాలు ఇసుకతో పూడాయేమో చూడండి.

ఫ్లాష్ లెక్క తప్పింది

ఎన్ని సెకన్లకోసారి మెరవాలో ప్రతి లైట్‌హౌస్‌కూ ఒక లెక్క ఉంటుంది. అది తప్పడం ఆరిపోయిన దీపం కంటే ప్రమాదం. లెక్క మారితే ఓడవాళ్లు దాన్ని మరో లైట్‌హౌస్ అనుకుంటారు. స్టాప్‌వాచ్‌తో వరసగా పది ఆవృత్తాలు కొలిచి పదితో భాగించి, చార్టులో, అంటే ఓడవాళ్ల సముద్ర పటంలో, ఉన్న అంకెతో పోల్చండి. తిరిగే లెన్స్ అయితే బేరింగులో ఇసుక, మోటారుకు తక్కువ వోల్టేజి. పాత లెన్స్ పాదరసం తొట్టిలో తేలుతుంటే దాన్ని మీరు ముట్టుకోవద్దు, శిక్షణ ఉన్నవాళ్లను పిలవాలి. తిరగని ఎల్‌ఈడీ అయితే కంట్రోలర్ మార్చినప్పుడు ఫ్యాక్టరీ సెట్టింగే ఉండిపోయిందేమో చూడండి.

అంతా బాగానే ఉంది, సముద్రం నుంచి కనబడదు

దిబ్బ పెరిగింది. ఉత్తర జట్లాండ్‌లోని రూబియెర్గ్ క్నూడ్ లైట్‌హౌస్ 1900లో వెలిగింది. కదిలే ఇసుక దాని వెలుగును కమ్మేయడంతో 1968లో ఆర్పేశారు. తీరం కోసుకుపోతుంటే 2019లో ఆ కట్టడాన్నే దాదాపు 70 మీటర్లు లోపలికి జరిపారు. ఏటా ఒకే చోటి నుంచి దిబ్బ ఫోటో తీసి పోల్చుకోండి. ఏ దిశలో వెలుగు అడ్డుపడుతోందో అధికారులకు తెలియజేస్తే చార్టు సరిచేస్తారు.

దీపం సరే, కబురు లేదు. లేదా ఎండలో పొగమంచు హారన్ మోగుతోంది

మొదటిదానికి మోడెం, యాంటెన్నా కేబుల్లో చేరిన ఉప్పునీరు. రెండోదానికి పొగమంచు సెన్సార్ కటకం మీద ఉప్పు పొర లేదా సాలెగూడు.

మరమ్మతు అయ్యాక సాయంత్రం దాకా ఆగండి. దీపం తనంతట తాను వెలగడం, ఫ్లాష్ లెక్క చార్టుతో కలవడం మీ కళ్లతో చూసిన తర్వాతే ఓడలకు ఇచ్చిన హెచ్చరిక ఎత్తేయమనండి.